మూత్రపిండాల వ్యాధిలో విటమిన్-డి మందులు: ఏది, ఎప్పుడు, ఎంత?

దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధితో బాధపడేవారి మందుల చీటీలో రక్తపోటు మాత్రలు, రక్తహీనతకు ఇచ్చే సూదిమందులతో పాటు తరచుగా కనిపించే పేరు విటమిన్-డి. పేరు ఒక్కటే అయినప్పటికీ, ఆ పేరుతో మందుల అంగళ్లలో లభించేవన్నీ ఒకే మందు కావు. వారానికి ఒకటి మింగవలసినది ఒకటైతే, రోజుకు ఒకటి మింగవలసినది మరొకటి. ఆరోగ్యవంతునికి మేలు చేసే మోతాదు మూత్రపిండాలు చెడిన వానికి చాలకపోవచ్చు. లేదా అదే మోతాదు అతని రక్తనాళాలకు ముప్పుగా పరిణమించవచ్చు. అందువల్ల ఈ మందును బలానికి వాడే టానిక్కుగా భావించడం ప్రమాదకరం. ఇది వైద్యుని పర్యవేక్షణలో, రక్తపరీక్షల ఆధారంగా మాత్రమే సాగవలసిన చికిత్స.

ఆండర్సన్‌పేట, రాబర్ట్‌సన్‌పేట, చాంపియన్ రీఫ్స్, మారికుప్పం ప్రాంతాల వారికి ఈ విషయం మరింత ముఖ్యమైనది. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ 2001 ఫిబ్రవరి 28న మూతపడిన తరువాత బంగారు గనుల పట్టణవాసులు బ్రతుకుతెరువు కోసమే గాక పెద్ద వైద్యం కోసం కూడా ఊరు దాటి వెళ్లడం పరిపాటి అయింది. కొందరు కోలారు సమీపంలోని టమకకు, కొందరు సరిహద్దు దాటి కుప్పానికి, కొందరు తమిళనాడులోని వేలూరుకు, మరికొందరు రైలెక్కి బెంగళూరుకు పోతారు. మూడు రాష్ట్రాల వైద్యులు వ్రాసిన చీటీలు ఒకే ఇంటి అలమరలో చేరినప్పుడు, ఒకే మందు వేర్వేరు వ్యాపారనామాలతో రెండు మూడు మారులు కడుపులోకి పోయే అవకాశం ఉంటుంది. ఆ పొరపాటు జరగకుండా ఉండాలంటే మందు స్వభావం తెలియాలి.

మూత్రపిండానికీ విటమిన్-డికీ గల సంబంధం

మూత్రపిండాలు రక్తాన్ని వడగట్టి మలినాలను బయటకు పంపుతాయని అందరికీ తెలుసు. అవి రక్తపోటును అదుపు చేస్తాయి. ఎర్ర రక్తకణాల ఉత్పత్తిని ప్రేరేపించే హార్మోనును తయారు చేస్తాయి. వీటితో పాటు అంతగా ప్రచారం లేని మరొక బాధ్యత వాటికి ఉన్నది. అది విటమిన్-డిని పనిచేసే రూపంలోకి మార్చడం.

ఎండ తగిలినప్పుడు చర్మంలో తయారయ్యే విటమిన్-డి గాని, ఆహారం ద్వారా లభించే విటమిన్-డి గాని ఉన్న రూపంలో దాదాపు నిష్క్రియమైనది. రక్తంలో కలిసిన తరువాత అది మొదట కాలేయానికి చేరి కాల్సిఫెడయాల్ అనే పదార్థంగా మారుతుంది. రక్తపరీక్షలో '25-హైడ్రాక్సీ విటమిన్-డి' అని కొలిచేది దీనినే. ఇది శరీరంలోని నిల్వ సరుకు వంటిది. రెండవ మార్పు ప్రధానంగా మూత్రపిండాల్లో జరుగుతుంది. అక్కడ కాల్సిఫెడయాల్ నుండి కాల్సిట్రయాల్ అనే క్రియాశీల హార్మోను తయారవుతుంది. పేగుల నుండి కాల్షియంను, ఫాస్ఫరస్‌ను రక్తంలోకి పీల్చుకునేలా చేసేది ఈ కాల్సిట్రయాలే.

ఈ రెండవ మార్పు జరిగే చోటు మూత్రపిండమేనని 1970లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో ఫ్రేజర్, కోడిచెక్ అనే శాస్త్రవేత్తలు నిరూపించారు. మరుసటి సంవత్సరం, 1971లో, ఆ హార్మోను రసాయన నిర్మాణం వెల్లడైంది. 1978లో అమెరికాలో కాల్సిట్రయాల్ మందుగా అనుమతి పొందింది. అంతవరకు మూత్రపిండాల రోగుల ఎముకలు మామూలు విటమిన్-డికి ఎందుకు లొంగవన్న ప్రశ్నకు ఈ పరిశోధనలతో సమాధానం లభించింది. సరుకు ఎంత పోసినా, దానిని మార్చే యంత్రం చెడిపోయి ఉండటమే కారణం.

ఎముకలు ఎందుకు చెడతాయి?

మూత్రపిండాల పనితనం తగ్గేకొద్దీ శరీరంలో ఒకదాని వెంట ఒకటిగా మార్పులు సంభవిస్తాయి. ముందుగా ఆహారంలోని ఫాస్ఫరస్‌ను పూర్తిగా విసర్జించడం కష్టమవుతుంది. దానిని బయటకు నెట్టడానికి ఎముకలు ఎఫ్.జి.ఎఫ్.-23 అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. ఇది ఫాస్ఫరస్‌ను తగ్గించడంలో తోడ్పడినా, కాల్సిట్రయాల్ తయారీని అణచివేస్తుంది. కాల్సిట్రయాల్ తగ్గితే పేగులు కాల్షియంను సరిగా పీల్చుకోలేవు. రక్తంలో కాల్షియం తగ్గే సూచన కనిపించగానే, మెడలో థైరాయిడ్ గ్రంథి వెనుక ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు అప్రమత్తమవుతాయి. అవి పి.టి.హెచ్. అనే హార్మోనును అధికంగా స్రవించి, ఎముకలలోని కాల్షియంను కరిగించి రక్తంలోకి తెస్తాయి.

రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపిస్తుంది. కాని ఆ సమతుల్యానికి మూల్యం చెల్లించేది ఎముక. సంవత్సరాల తరబడి ఇలా సాగితే నడుము, తుంటి, మోకాళ్ల నొప్పులు, కండరాల బలహీనత, కూర్చున్న చోటు నుండి లేవలేకపోవడం, తీవ్రమైన దురద, చిన్న దెబ్బకే ఎముక విరగడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. పిల్లల్లో ఎదుగుదల ఆగి కాళ్లు వంకరపోతాయి. రక్తంలో మిగిలిపోయిన కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ కలిసి రక్తనాళాల గోడలలోను, గుండె కవాటాలలోను పేరుకుపోతాయి. ఎముకలో ఉండవలసిన సున్నం రక్తనాళంలో చేరుతుందన్న మాట. ఎముకలనూ రక్తనాళాలనూ ఒకే వ్యాధిలో భాగంగా పరిగణించాలన్నది నేటి వైద్యశాస్త్ర నిర్ణయం.

ఒకే పేరు, రెండు వర్గాలు

విటమిన్-డి మందులను స్థూలంగా రెండు వర్గాలుగా విభజించవచ్చు.

మొదటి వర్గం పోషక విటమిన్-డి. కొలెకాల్సిఫెరాల్ అనే డి-3, ఎర్గోకాల్సిఫెరాల్ అనే డి-2 ఈ వర్గానికి చెందినవి. మన దేశంలో డి-3 ఎక్కువగా 60,000 యూనిట్ల క్యాప్సూళ్లుగాను, పాలలో కలుపుకునే పొడి ప్యాకెట్లుగాను లభిస్తుంది. వీటిని సాధారణంగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు వాడి, తరువాత విరామం పెంచుతారు. 40 యూనిట్లు ఒక మైక్రోగ్రాముకు సమానం కనుక 60,000 యూనిట్లంటే 1,500 మైక్రోగ్రాములు. ఇవి శరీరంలోని కొవ్వులో నిల్వ ఉండి నెమ్మదిగా ఖర్చవుతాయి. వీటిని క్రియాశీలం చేయడానికి కాలేయమూ మూత్రపిండమూ రెండూ పనిచేయాలి.

రెండవ వర్గం క్రియాశీల విటమిన్-డి. కాల్సిట్రయాల్ నేరుగా పనిచేసే హార్మోను. మూత్రపిండంతో దానికి పనిలేదు. ఆల్ఫాకాల్సిడాల్‌కు మూత్రపిండంలో జరగవలసిన మార్పు ముందుగానే చేసి ఉంటుంది. కాలేయంలోని మార్పు ఒక్కటే మిగులుతుంది. పారికాల్సిటాల్ అనేది కాల్సిట్రయాల్‌ను పోలిన కృత్రిమ మందు. పి.టి.హెచ్.ను తగ్గిస్తూనే కాల్షియంను తక్కువగా పెంచాలన్న ఉద్దేశంతో దానిని రూపొందించారు. 1998లో అమెరికాలో అనుమతి లభించింది. అయినా కాల్షియం పెరిగే ప్రమాదం దానితో పూర్తిగా తొలగిపోలేదు.

ఈ రెండవ వర్గం మందుల మోతాదు అతి స్వల్పం. కాల్సిట్రయాల్ క్యాప్సూల్ సాధారణంగా 0.25 మైక్రోగ్రాములు మాత్రమే. 60,000 యూనిట్ల క్యాప్సూల్‌తో పోల్చి 'ఇది చిన్న మందు' అని తలచడం పొరపాటు. ఒకటి ముడిసరుకు, మరొకటి తయారైన హార్మోను; వాటి బరువులను పోల్చి బలాన్ని నిర్ణయించలేము.

ఈ రెండింటికీ మధ్య స్థానంలో కాల్సిఫెడయాల్ ఉన్నది. నెమ్మదిగా విడుదలయ్యే రూపంలో దీనిని మూత్రపిండాల వ్యాధి మూడవ, నాలుగవ దశల రోగులకు 2016లో అమెరికాలో అనుమతించారు. రక్తంలో విటమిన్-డి తక్కువగా ఉండి పి.టి.హెచ్. పెరిగినవారికి మాత్రమే ఆ అనుమతి వర్తిస్తుంది.

ఏ దశలో ఏ మందు?

మూత్రపిండాల వడపోత సామర్థ్యాన్ని ఇ-జి.ఎఫ్.ఆర్. అనే అంకెతో సూచిస్తారు. ఈ అంకె 30 నుండి 59 వరకు ఉంటే మూడవ దశ, 15 నుండి 29 వరకు నాలుగవ దశ, 15 కంటే తక్కువైతే అయిదవ దశ. మూత్రపిండాల వైద్యానికి మార్గదర్శకాలు రూపొందించే కె.డి.ఐ.జి.ఓ. అనే అంతర్జాతీయ సంస్థ ఎముకల సమస్యపై 2009లో సూచనలు వెలువరించి, 2017లో సవరించింది. వాటి సారాంశం ఇది.

మూడవ దశ నుండి రక్తంలో విటమిన్-డి నిల్వను పరీక్షించి, లోపముంటే సాధారణ ప్రజలకు సరిచేసిన విధంగానే పోషక విటమిన్-డితో సరిచేయాలి. పి.టి.హెచ్. క్రమంగా పెరుగుతూ పోతుంటే వెంటనే క్రియాశీల మందు మొదలుపెట్టరాదు. ఫాస్ఫరస్ ఎక్కువగా ఉన్నదా, ఆహారంలో ఫాస్ఫరస్ అధికంగా చేరుతున్నదా, కాల్షియం తగ్గిందా, విటమిన్-డి లోపం ఉన్నదా అన్న నాలుగు అంశాలను ముందుగా పరిశీలించాలి.

డయాలసిస్ అవసరం రాని పెద్దలకు కాల్సిట్రయాల్‌ను గాని దానిని పోలిన మందులను గాని మామూలుగా అందరికీ ఇవ్వరాదు. నాలుగవ, అయిదవ దశలలో పి.టి.హెచ్. తీవ్రంగా పెరిగి, ఇంకా పెరుగుతూ ఉన్నవారికే వాటిని పరిమితం చేయాలి. 2009 నాటి సూచనల కంటే 2017 సూచనలు ఈ విషయంలో కఠినమైనవి. ఈ మార్పుకు దోహదం చేసిన పరీక్షలు రెండు. 2012లో ప్రచురితమైన 'ప్రైమో' పరిశీలనలో 227 మంది రోగులు 48 వారాల పాటు పాల్గొన్నారు. 2014 నాటి 'ఒపేరా' పరిశీలన హాంకాంగ్‌లో జరిగింది. రెండింటిలోనూ పారికాల్సిటాల్ పి.టి.హెచ్.ను తగ్గించింది గాని గుండె కండరం మందాన్ని తగ్గించలేదు. పైగా రక్తంలో కాల్షియం పెరిగిన సందర్భాలు ఎక్కువయ్యాయి.

డయాలసిస్ చేయించుకునే వారిలో పి.టి.హెచ్. సాధారణ గరిష్ఠ పరిమితికి రెండు నుండి తొమ్మిది రెట్ల మధ్య ఉండటం ఆమోదయోగ్యమని భావిస్తారు. అంటే ప్రయోగశాల గరిష్ఠ పరిమితి 65 అయితే, సుమారు 130 నుండి 600 వరకు. ఈ అంకె చూసి కంగారుపడి, దానిని ఆరోగ్యవంతుల స్థాయికి దించాలని పట్టుపట్టరాదు. పి.టి.హెచ్. మరీ అణగిపోతే ఎముకలో పాత కణజాలం పోయి కొత్తది చేరే సహజ ప్రక్రియ నిలిచిపోతుంది. అటువంటి నిద్రాణమైన ఎముక కాల్షియంను స్వీకరించలేదు. అది రక్తనాళాల పాలవుతుంది. పి.టి.హెచ్. ఆ పరిధిని దాటిపోతున్నవారికి కాల్సిట్రయాల్, ఆల్ఫాకాల్సిడాల్, పారికాల్సిటాల్ వంటివి ఇస్తారు; లేదా పారాథైరాయిడ్ గ్రంథులనే నేరుగా శాంతింపజేసే సినకాల్సెట్ వంటి మందును వాడతారు. ఏ మందుకూ లొంగనప్పుడు శస్త్రచికిత్సతో గ్రంథులను తొలగించవలసి వస్తుంది.

ఆశలు, ఆధారాలు

విటమిన్-డి వాడితే మూత్రపిండాలు బాగుపడతాయనీ, గుండెపోటు రాదనీ ప్రచారం ఉన్నది. ఆధారాలు ఆ మాటను సమర్థించడం లేదు. టైప్-2 మధుమేహం ఉన్న 1,300 మందికి పైగా వ్యక్తులకు అయిదు సంవత్సరాల పాటు రోజుకు 2,000 యూనిట్ల డి-3 ఇచ్చి చూసిన అమెరికా పరిశీలన 2019లో వెలువడింది. మందు వాడినవారికీ వాడనివారికీ మూత్రపిండాల పనితనంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. జపానులో డయాలసిస్ మీద ఉన్న 976 మందిపై ఆల్ఫాకాల్సిడాల్‌తో జరిపిన పరిశీలన 2018లో ప్రచురితమైంది. అందులో గుండె, రక్తనాళాల జబ్బులు తగ్గలేదు.

అందువల్ల ఈ మందుల ప్రయోజనం పరిమితమైనదని గ్రహించాలి. విటమిన్ లోపాన్ని సరిచేయడం, పి.టి.హెచ్.ను అదుపులో ఉంచడం, కాల్షియం పడిపోకుండా కాపాడటం వీటి పని. మధుమేహాన్నీ రక్తపోటునూ అదుపు చేయవలసిన అవసరాన్ని ఇవి తీర్చవు. డయాలసిస్‌కు ఇవి ప్రత్యామ్నాయం కావు.

ఏయే పరీక్షలు, ఎంతకాలానికి?

కాల్షియం, ఫాస్ఫరస్ పరీక్షలను మూడవ దశలో 6 నుండి 12 నెలలకు, నాలుగవ దశలో 3 నుండి 6 నెలలకు, అయిదవ దశలో ఒకటి నుండి మూడు నెలలకు ఒకమారు చేయించాలి. పి.టి.హెచ్.ను నాలుగవ దశలో 6 నుండి 12 నెలలకు, అయిదవ దశలో 3 నుండి 6 నెలలకు ఒకమారు చూడాలి. క్రియాశీల విటమిన్-డి మొదలుపెట్టినప్పుడు, మోతాదు మార్చినప్పుడు ఈ గడువులు ఇంకా తగ్గుతాయి.

విటమిన్-డి నిల్వను తెలుసుకోవడానికి 25-హైడ్రాక్సీ పరీక్షే సరైనది. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువైతే లోపమని సాధారణంగా పరిగణిస్తారు. అయితే కాల్సిట్రయాల్ వాడేవారిలో ఈ అంకె పెరగదు. 'రోజూ విటమిన్-డి వేసుకుంటున్నా పరీక్షలో తక్కువ చూపుతోంది' అని కలతపడి, మరొక మందును సొంతంగా చేర్చుకోరాదు. ఆ పరీక్ష నిల్వను కొలుస్తుంది గాని, మింగుతున్న హార్మోనును కొలవదు.

ఒక్క పరీక్షతో నిర్ణయం తీసుకోరాదన్నది మరొక నియమం. అంకెలు ఏ దిక్కుకు సాగుతున్నాయో చూడాలి. అందుకే పాత పరీక్షా ఫలితాలను పారవేయక తేదీల వారీగా భద్రపరచుకోవాలి.

మోతాదు మించితే

అధిక మోతాదు వల్ల రక్తంలో కాల్షియం పెరుగుతుంది. ఆకలి మందగించడం, వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, నీరసం, మగత, మతి తడబడటం దాని లక్షణాలు. మూత్రపిండాల రోగులలో ఇవన్నీ వ్యాధి ముదిరినందువల్లనే వచ్చినట్లు కనిపిస్తాయి గనుక అసలు కారణం మరుగున పడే ప్రమాదం ఉంది. మిగిలి ఉన్న మూత్రపిండాల పనితనం కూడా దీనివల్ల వేగంగా క్షీణించవచ్చు.

కాల్సిట్రయాల్ వల్ల పెరిగిన కాల్షియం మందు ఆపిన కొద్ది రోజులలో దిగివస్తుంది. పోషక విటమిన్-డి కొవ్వులో నిల్వ ఉంటుంది కనుక దాని ప్రభావం వారాలు, ఒక్కొక్కసారి నెలల తరబడి వదలదు. వారానికి ఒకటి వేసుకోవలసిన 60,000 యూనిట్ల క్యాప్సూల్‌ను రోజుకొకటి చొప్పున మింగడం, నడుము నొప్పికి 6,00,000 యూనిట్ల సూదిని పదే పదే వేయించుకోవడం ఈ ప్రమాదానికి దారితీసే రెండు ప్రధాన మార్గాలు.

ఇతర మందులతో కలిసినప్పుడు కూడా జాగ్రత్త అవసరం. కాల్షియం మాత్రలు, థయజైడ్ వర్గానికి చెందిన మూత్రం జారీచేసే మాత్రలు కాల్షియంను పెంచుతాయి. గుండెకు డిగాక్సిన్ వాడేవారిలో కాల్షియం పెరిగితే గుండె లయ తప్పవచ్చు. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న కడుపుమంట మందులను మూత్రపిండాల రోగులు వైద్యుని అడగకుండా వాడరాదు. ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచడానికి ఇచ్చే కాల్షియం కార్బొనేట్, కాల్షియం ఎసిటేట్, సెవెలమర్ వంటి మాత్రలను భోజనంతో పాటే వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే ఆహారంలోని ఫాస్ఫరస్ యథాతథంగా రక్తంలో చేరుతుంది.

కోలారు నేలలో ప్రత్యేక పరిస్థితులు

ఫ్లోరైడ్ నీరు: కోలారు జిల్లాలో లోతైన బోరుబావుల నీటిలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్న గ్రామాలు చాలా ఉన్నాయి. త్రాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ అంగీకారయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణం చెబుతున్నది. తెలుగువారికి ఈ సమస్య కొత్త కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. ఫ్లోరైడ్ ప్రాంతాలలో మోకాళ్లు లోపలికి వంగిపోయే వికారాన్ని 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వర్ణించారు. శరీరంలో చేరిన ఫ్లోరైడ్‌ను విసర్జించేది ప్రధానంగా మూత్రపిండాలే. అవి చెడినప్పుడు ఫ్లోరైడ్ ఎముకలలో మరింత పేరుకుంటుంది. ఫ్లోరోసిస్ నొప్పి, మూత్రపిండాల వ్యాధి వల్ల వచ్చే ఎముకల నొప్పి పైకి ఒకే రీతిగా ఉంటాయి. కనుక వైద్యుని వద్ద తాము త్రాగే నీరు బోరుదా, శుద్ధి కేంద్రానిదా అన్న విషయాన్ని తప్పక తెలియజేయాలి. నీరు మార్చకుండా విటమిన్-డి మోతాదు పెంచుతూ పోతే నొప్పి తగ్గదు.

గని ధూళి: బంగారు గనులలో ఏళ్ల తరబడి రాతి ధూళి పీల్చినవారిలో సిలికోసిస్ వస్తుంది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశం ఎక్కువ. క్షయ గడ్డలలోని కణాలు మూత్రపిండంతో నిమిత్తం లేకుండా తమంతట తామే కాల్సిట్రయాల్‌ను తయారు చేయగలవు. ఆ తయారీకి శరీరపు అదుపు ఉండదు. అటువంటివారికి విటమిన్-డి ఇస్తే కాల్షియం అనూహ్యంగా పెరగవచ్చు. మాజీ గని కార్మికులు తమ పాత ఉద్యోగాన్నీ, ఎప్పుడైనా క్షయకు మందులు వాడి ఉంటే ఆ సంగతినీ మూత్రపిండాల వైద్యునికి చెప్పడం అవసరం. సిలికా ధూళికీ మూత్రపిండాల వ్యాధికీ సంబంధం ఉన్నట్లు వివిధ దేశాల అధ్యయనాలు సూచిస్తున్నాయి.

ఎండ: 'ఇంత ఎండలో బ్రతికేవారికి విటమిన్-డి లోపమా?' అన్న సందేహం సహజం. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం చేసిన అధ్యయనాలు ఈ సందేహానికి సమాధానమిచ్చాయి. ఆరోగ్యవంతులైన దక్షిణ భారతీయులలో సైతం విటమిన్-డి తక్కువగా ఉన్నదనీ, ఆహారంలో కాల్షియం తక్కువ, దానిని అడ్డగించే ఫైటేట్ ఎక్కువ అనీ 2007లో ఆ బృందం ప్రకటించింది. తిరుపతిలో చర్మంలో విటమిన్-డి తయారీ ఉదయం 11 నుండి మధ్యాహ్నం 2 గంటల మధ్య అత్యధికమని 2013లో వెలువడిన మరొక అధ్యయనం తెలిపింది. కోలారు గనుల పట్టణం కూడా దాదాపు అదే అక్షాంశం మీద ఉన్నది. తెల్లవారుజామున రైలెక్కి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవారికి ఆ ఎండ అందదు. అయితే మూత్రపిండాలు బాగా చెడినవారికి ఎండ నిల్వను పెంచగలదే గాని, దానిని క్రియాశీలం చేసే శక్తిని తిరిగి ఇవ్వలేదు.

రాగి సంగటి, చారు: కోలారు సీమలో రాగి ప్రధానాహారం. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఇతర ధాన్యాల వలెనే ఫాస్ఫరస్, పొటాషియం కూడా ఉంటాయి. ధాన్యాలలోని ఫాస్ఫరస్ చాలావరకు ఫైటేట్ రూపంలో ఉండటం వల్ల పూర్తిగా వంటబట్టదు. శీతల పానీయాలలో, పొట్లాల చిరుతిళ్లలో కలిపే ఫాస్ఫేట్ మాత్రం దాదాపు అంతా రక్తంలో చేరుతుంది. అందువల్ల సంగటిని మానడం కంటే ముందు సీసా పానీయాలను మానడం వివేకం. సంగటి ఎంత తినవచ్చునో పొటాషియం పరీక్షను చూసి వైద్యుడు గాని, ఆహార నిపుణులు గాని నిర్ణయిస్తారు. పప్పు, ఆకుకూరలు ఉడికించి నీరు వార్చి తినమని మూత్రపిండాల రోగులకు చెప్పడం మామూలు. పొటాషియం, కొంత ఫాస్ఫరస్ ఆ నీటిలోకి దిగుతాయి. కాని ఈ ప్రాంతంలో ఇష్టంగా చేసుకునే బస్సారు ఆ వార్చిన నీటితోనే తయారవుతుంది. నీరు వార్చి, అదే నీటిని చారుగా పోసుకుంటే వార్చిన ఫలితం దక్కదు.

సరిహద్దు రోగికి కొన్ని నియమాలు

ఏ ఆసుపత్రిలోనూ ఎవరి తప్పూ లేకుండానే మందు రెట్టింపు కావచ్చు. మూత్రపిండాల వైద్యుడు కాల్సిట్రయాల్ వ్రాస్తాడు. మోకాళ్ల నొప్పికి చూపించుకున్న మరొక ఊరిలో కాల్షియంతో కలిసిన మాత్ర ఇస్తారు. అందులో కూడా కాల్సిట్రయాల్ గాని డి-3 గాని ఉంటుంది. నీరసానికి వేరొకరు వారపు క్యాప్సూల్ ఇస్తారు. మూడు పెట్టెల మీద మూడు పేర్లు. లోపల ఉన్నది ఒకే కుటుంబం.

దీనికి విరుగుడు సులభమైనదే. వ్యాపారనామం కింద చిన్న అక్షరాలలో ముద్రించిన అసలు మందు పేరును చూడాలి, లేదా మందుల అంగడివారిని చదివి చెప్పమని అడగాలి. కన్నడంలో, తెలుగులో, తమిళంలో మాట్లాడే వైద్యులందరికీ ఉమ్మడి భాష ఆ అసలు పేరే. వాడుతున్న అన్ని మందులను ఒకే కాగితం మీద వ్రాసుకుని ప్రతి ఆసుపత్రికీ తీసుకుపోవాలి. పాత పెట్టెలను సంచిలో వేసుకుని పోయినా మంచిదే.

వైద్యుని అడగవలసిన ప్రశ్నలు అయిదు. ఇది పోషక విటమినా, క్రియాశీల మందా? రోజూ వేసుకోవాలా, వారానికొకసారా? ఎన్నాళ్లు? మళ్లీ కాల్షియం, ఫాస్ఫరస్, పి.టి.హెచ్. పరీక్షలు ఎప్పుడు? ఏ లక్షణం కనిపిస్తే మందు ఆపి వెంటనే రావాలి?

పిల్లలు, గర్భవతులు, మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారి విషయంలో నియమాలు వేరు. పిల్లల ఎదుగుదలకు కాల్షియం అవసరం ఎక్కువ కనుక వారికి కాల్సిట్రయాల్ అవసరం ముందుగానే రావచ్చు. మార్పిడి జరిగినవారిలో కొత్త మూత్రపిండం విటమిన్-డిని మళ్లీ క్రియాశీలం చేయడం మొదలుపెడుతుంది. కాని ఏళ్ల తరబడి పెరిగిన పారాథైరాయిడ్ గ్రంథులు వెంటనే తగ్గవు. ఫలితంగా కాల్షియం పెరగవచ్చు. కనుక పాత చీటీ ప్రకారం మందులు కొనసాగించరాదు.

మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి సాగే ప్రయాణం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రజలకు 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. సరిహద్దు పట్టణాల రోగులకు చికిత్స అనేక ఊళ్లలో చెదిరి ఉన్నది గనుక, దానిని ఒక్కచోట కూర్చే బాధ్యత చాలావరకు రోగి మీద, అతని ఇంటివారి మీద పడుతుంది. విటమిన్-డి విషయంలో ఆ బాధ్యతకు కావలసినవి మూడు: అసలు మందు పేరు తెలిసి ఉండటం, పరీక్షా ఫలితాలను భద్రపరచడం, చెప్పిన గడువుకు మళ్లీ పరీక్ష చేయించడం. ఈ మూడూ ఉన్నచోట ఈ మందు ఎముకను కాపాడుతుంది. ఇవి లేనిచోట ఎముక కోసం మింగిన మాత్రే రక్తనాళాన్ని రాయిగా మార్చగలదు.